బల్బు చుక్కలా ఉందా, పురుగులా ఉందా?

తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాల్లో రాత్రి వాహనం ఫోటో తీసి, ఇంటికొచ్చి పెద్దది చేసి చూసుకుని, "ఏం నా, అంతా షేకింగ్ అయిపోయుండాది" అని వాపోయేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్ళకు దొరికే సలహాలు రెండే. ఒకటి: "స్టెబిలైజర్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉన్న లెన్స్ కొనుక్కో." రెండోది: "2.8 లెన్స్ లేకుండా రాత్రి వాహనం జోలికి పోవద్దు." (2.8, 5.6 లాంటివి లెన్సు కన్నం కొలతలు, అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుగు పడుతుంది.) రెండూ నాడి చూడకుండా రాసిచ్చిన మందులే. ఫోటో ఎందుకు చెడిందో ఆ ఫోటోలోనే రాసి ఉంటుంది. చదవడానికి ఒక సీరియల్ బల్బు చాలు.

వాహనం వెనక వీధికి అడ్డంగా కట్టిన బల్బుల తోరణాన్ని వంద శాతానికి పెంచి చూడండి. ప్రతి బల్బూ ఒకే దిక్కుకి, ఒకే పొడవులో, చిన్న పురుగులా సాగి ఉంటే అది మన చేతి వణుకు. బల్బులు చక్కగా చుక్కల్లా ఉండి, గొడుగు అంచూ అమ్మవారి పూలదండా మాత్రమే అలుక్కుపోయి ఉంటే కదిలింది వాహనం, మన చెయ్యి కాదు. బల్బులు గుండ్రంగా ఉబ్బి, వాటితోపాటు వాహనం కూడా మెత్తబడి ఉంటే ఫోకస్ వేరేచోట పడింది. ఫోటో నడిమధ్య బల్బులు చుక్కలుగా ఉండి, మూలల్లోవి చిన్న చాపాల్లా వంగి ఉంటే కెమెరా గుండ్రంగా తిరిగింది, అంటే కుడిచెయ్యి బటన్ నొక్కుతూ ఆ పక్కకు వంగింది. ఇందులో మొదటి రోగానికే లెన్స్ స్టెబిలైజర్ పూర్తి మందు. నాలుగోదాన్ని లెన్సు అసలు పట్టుకోలేదు, కెమెరా బాడీలో సెన్సార్ (బొమ్మను పట్టే పలక) కదిలే ఏర్పాటు ఉంటే అది చూసుకుంటుంది. రెండోదానికీ మూడోదానికీ ఎన్ని స్టాప్‌ల (ఒక్కో స్టాప్ అంటే షట్టర్ రెట్టింపు సేపు తెరిచి ఉంచగలగడం) స్టెబిలైజర్ కొన్నా దండగే.

లోపల జరిగేది ఇంతే. లెన్సులో రెండు గైరో సెన్సార్లుంటాయి. ముక్కు పైకీ కిందకీ ఊగడాన్ని ఒకటి, ఎడమకూ కుడికీ తిరగడాన్ని ఇంకొకటి కొలుస్తాయి. ఆ లెక్క అందుకుని ఒక చిన్న ప్రాసెసర్ అయస్కాంతం, తీగచుట్టల సాయంతో ఒక గాజు అద్దాల గుంపును ఎదురు దిక్కుకి జరుపుతుంది. మనిషి చెయ్యి ఎంత బిగబట్టినా సెకనుకు 8 నుంచి 12 సార్లు సన్నగా అదురుతూనే ఉంటుంది. దానికి తోడు ఊపిరితో, నిలబడ్డ కాళ్ళతో వచ్చే నెమ్మదైన ఊగు ఒకటి. సన్న అదురును స్టెబిలైజర్ బాగా పట్టుకుంటుంది. నెమ్మదైన ఊగు దగ్గర తడబడుతుంది, ఎందుకంటే అది వణుకో, మనమే కావాలని కెమెరా తిప్పుతున్నామో దానికి తేల్చుకోవడం కష్టం. షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో నాలుగో వంతు దాటాక ఫలితం అంత నమ్మకంగా ఉండకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

జూమ్ లెన్సుకు ఇది ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. చెయ్యి డిగ్రీలో పదో వంతు కదిలిందనుకోండి. 50 ఎంఎం లెన్సులో (ఈ ఎంఎం అంకే ఫోకల్ లెంగ్తు, అది పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి) బొమ్మ సెన్సార్ మీద 0.09 మిల్లీమీటర్లు జరుగుతుంది. 300 ఎంఎంలో అదే కదలికకు 0.52 మిల్లీమీటర్లు జరుగుతుంది. 24 మెగాపిక్సెళ్ళ చిన్న సెన్సార్ మీద అది 130 పిక్సెళ్ళ పైమాటే. బాడీలోని సెన్సారే దీన్ని సరిదిద్దాలంటే అది అంత దూరం పరుగెత్తాలి, దానికి లోపలున్న చోటు కొంచెం. లెన్సులోని అద్దం మాత్రం కాస్త జరిగినా కిరణాలు బాగా వంగుతాయి. అందుకే పొడుగు లెన్సులకు లెన్సులోని స్టెబిలైజరే గట్టి పనివాడు. బాడీ డబ్బా మీద 7 స్టాప్‌లు, 8 స్టాప్‌లు అని వేసిన అంకె ఫలానా లెన్సుతో కొలిచిందని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది మీ 300 ఎంఎంకి అలాగే వర్తిస్తుందని అనుకోకండి.

స్టాప్‌ల లెక్క కూడా ఒకసారి చేతులతో చేసుకుంటేనే ఒంటబడుతుంది. కానన్ చిన్న సెన్సార్ బాడీ మీద 55-250 లెన్సు పెట్టి 250 దగ్గర తీస్తున్నారు. సెన్సార్ చిన్నది కాబట్టి 1.6తో హెచ్చిస్తే 400. షట్టర్ వేగం సెకనులో ఫోకల్ లెంగ్తో వంతైనా ఉండాలనే పాత సూత్రం ప్రకారం చేతిలో పట్టుకుని తీయడానికి కనీసం 1/400 సెకను కావాలి. ఒక స్టాప్ అంటే 1/200, రెండైతే 1/100, మూడైతే 1/50. డబ్బా మీద 3.5 అని ఉంది కాబట్టి 1/35 దాకా దిగొచ్చు. ఇది కాగితం మీద మాట. ఆ సూత్రం ఫిల్ము రోజుల్లో, చిన్న ప్రింటు వేసుకుని చూసే కాలంలో పుట్టింది. ఇప్పుడు మానిటర్ మీద పిక్సెల్ పిక్సెల్ పెంచి చూస్తున్నాం కాబట్టి ఒక స్టాప్ పక్కన పెట్టుకోవాలి. ఆ లెన్సుతో 1/60 ధీమాగా, 1/30 అదృష్టాన్ని బట్టి. నా లెక్కలో ఇది ఏమంత తక్కువ లాభం కాదు. 1/400 అడిగే చోట 1/60 అంటే సెన్సార్ మీద ఆరు రెట్లకు పైగా వెలుగు పడుతుంది, ఐఎస్ఓ (పడిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, ఎక్కువైతే ఫోటోలో గింజలు పడతాయి) 12800 నుంచి 2000కు దిగుతుంది.

ఇప్పుడు మాడవీధిలోకి రండి. గుళ్ళోకి కెమెరా పోదు, తీయగలిగేది బయట వీధిలో ఊరేగింపునే. ఆ జనంలో ట్రైపాడ్ కాళ్ళు చాచే చోటుండదు, చాచినా పక్కవాళ్ళు ఊరుకోరు. ఫోకస్ లైట్లు బాగా పడిన మూలలో ఎఫ్5.6, ఐఎస్ఓ 1600 దగ్గర 1/60 వచ్చిందంటే మంచి వెలుగు కిందే లెక్క. వాహనం 30 మీటర్ల దూరంలో ఉంది, మీరు 250 ఎంఎంలో ఉన్నారు. మోసేవాళ్ళు వాహనాన్ని లయగా ఊపుతున్నప్పుడు అది సెకనుకు 30 సెంటీమీటర్ల చొప్పున పక్కకు జరిగిందనుకుందాం. వేగాన్ని ఫోకల్ లెంగ్తుతో హెచ్చించి దూరంతో భాగిస్తే సెన్సార్ మీద బొమ్మ వేగం వస్తుంది: సెకనుకు 2.5 మిల్లీమీటర్లు. 1/60లో అది 0.04 మిల్లీమీటర్లు, అంటే పదకొండు పిక్సెళ్ళ అలుకుడు. అమ్మవారి ముక్కుపుడక ఉన్నచోట తెల్లటి గీత మిగులుతుంది. స్టెబిలైజర్ ఆన్‌లో ఉన్నా అంతే, ఆఫ్‌లో ఉన్నా అంతే.

అదే వాహనం హారతి కోసం ఆగినప్పుడు చూడండి. భుజాల మీద బరువు ఉంది కాబట్టి పూర్తిగా స్థిరంగా ఉండదు, కానీ ఊగు సెకనుకు రెండు సెంటీమీటర్లకు పడిపోయిందనుకుంటే 1/30లో కూడా అలుకుడు పిక్సెలున్నరే. ఇక అడ్డు మన చెయ్యి ఒక్కటే, దాని సంగతి లెన్సు చూసుకుంటుంది. ఇంకో క్షణం కూడా ఉంది. ఊపుతున్నప్పుడు కూడా వాహనం ఉయ్యాలలాగే ఒక కొసకు వెళ్ళి, వెనక్కి తిరిగే ముందు లిప్తపాటు నిలబడుతుంది. మేళం దెబ్బను బట్టి ఆ కొసను ముందే పసిగట్టొచ్చు. కొస రాకముందే నొక్కడం మొదలుపెట్టి నాలుగైదు ఫ్రేములు వరసగా తీస్తే ఒకటి కుదురుతుంది. కదిలే ఊపులో, నడి మధ్యలో, "ఇప్పుడు ముఖం బాగా కనిపించింది" అని నొక్కేవాళ్ళే ఎక్కువ. సరిగ్గా అక్కడే వేగం ఎక్కువ.

అందుకే 2.8 లెన్సు వాదం నాకు సగమే నచ్చుతుంది. 5.6 నుంచి 2.8కి రెండు స్టాప్‌లు. 1/60 కాస్తా 1/250 అవుతుంది, పదకొండు పిక్సెళ్ళ అలుకుడు మూడుకి దిగుతుంది. ఊగే వాహనానికి అది నిజమైన మందు, కాదనను. కానీ 70-200 ఎఫ్2.8 తరహా లెన్సు కిలోన్నర బరువు దాకా ఉంటుంది, 55-250 ఎస్‌టిఎం 375 గ్రాములు. ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా జనంలో నిలబడి కిలోన్నర లెన్సును, బాడీ బరువుతో కలిపి, కంటి ముందు ఎత్తి పట్టుకున్న చెయ్యి ఎనిమిదిన్నరకు ఎలా వణుకుతుందో పట్టినవాళ్ళకే తెలుసు. పండగ ఫోటోలు చందాల పుస్తకానికో వాట్సాప్ స్టేటస్‌కో తీసేవాళ్ళు దానికోసం అప్పు చేయనక్కర్లేదు. ఆగినప్పుడు 1/50 పెట్టండి. ఊగుతున్నప్పుడు 1/250 పెట్టి ఐఎస్ఓను 6400 దాటనివ్వండి. గింజలు పడిన ఫోటోను బాగు చేసుకోవచ్చు, అలుక్కుపోయిన ముఖాన్ని బాగు చేయలేం.

1/50 అని ఊరికే అనలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నేరుగా వెలిగే చాలా లైట్లు సెకనుకు వందసార్లు పెరిగి తగ్గుతుంటాయి. 1/100 పెడితే సరిగ్గా ఒక మెరుపు, 1/50 పెడితే రెండు మెరుపులు మొత్తంగా పడతాయి, ఫ్రేము ఎప్పుడు మొదలైనా సరే. 1/250 పెడితే మెరుపులో ఏ ముక్క దొరికితే అది. వరసగా తీసిన నాలుగు ఫ్రేముల్లో ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా, ఒకటి సగం చీకటి పట్టీతో రావడానికి కారణం అదే. బాడీలో యాంటీ ఫ్లికర్ (మెరుపును చూసుకుని షట్టర్ వదిలే ఏర్పాటు) ఉంటే 1/250 దగ్గర అది పెట్టుకోండి. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ మాత్రం వద్దు, పట్టీలు ఇంకా ఎక్కువవుతాయి. స్టెబిలైజర్ ఇచ్చే లాభాల్లో ఎవరూ చెప్పనిది ఇదేననిపిస్తుంది: 250 ఎంఎంలో 1/50కి దిగే ధైర్యం ఇస్తుంది, దాంతో రంగులు నిలకడగా వస్తాయి. బల్బులతో అల్లిన పెద్ద కటౌట్లూ ఎల్ఈడీ తెరలూ వేరే వేగంతో మినుకుతాయి కాబట్టి వాటికి ఈ లెక్క పనిచేయకపోవచ్చు. ఒకటి రెండు తీసి చూసుకోవాల్సిందే.

ఇక పట్టుకునే తీరు. ఎడమ అరచెయ్యి లెన్సు కింద, దాని బరువు మధ్యన ఉండాలి. పక్క నుంచి పట్టుకుంటే ముక్కు కిందకు జారుతూ ఉంటుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనాలి. కంటి కప్పు కనుబొమ్మకు గట్టిగా తగలాలి. వెనక తెర చూస్తూ చేతులు చాచి 250లో తీస్తే స్టెబిలైజర్‌కు ఉన్న మూడు స్టాప్‌లలో రెండు ఆ చేతులకే ఖర్చయిపోతాయి. ఊపిరి సగం వదిలి ఆపి, బటన్ సగం నొక్కండి. లెన్సులో సన్నగా 'జ్‌జ్' అని వినిపిస్తుంది, వ్యూఫైండర్‌లో బొమ్మ ఒకసారి చిన్నగా గెంతి, తర్వాత నూనెలో తేలుతున్నట్టు మెత్తగా నిలుస్తుంది. పాత లెన్సుల్లో ఆ నిలకడకు దాదాపు ఒక సెకను పడుతుంది. గెంతుతుండగానే పూర్తిగా నొక్కేస్తే స్టెబిలైజర్ లేకపోయినా బాగుండేదనిపించే ఫోటో వస్తుంది, బల్బులు ఒక్కొక్కటి రెండేసి కనిపిస్తాయి. పూర్తిగా నొక్కేటప్పుడు వేలిని పొడవకుండా దొర్లించాలి. వరసగా మూడు నాలుగు తీస్తే మొదటి ఫ్రేములో నొక్కిన కుదుపు, చివరిదాంట్లో వదిలిన కుదుపు ఉంటాయి. మధ్యవే మంచివి.

ఆనుకునే చోటు విషయంలో ఒక మాట. బారికేడ్ పైపు చూడటానికి మంచి ఆసరాలా ఉంటుంది. దాన్ని వందమంది ఆనుకుని ఉన్నారు, వాళ్ళందరి కదలికా అందులో ప్రవహిస్తూ ఉంటుంది. లెన్సును దాని మీద ఆనించకండి. జనరేటర్ వ్యాను పక్కనా నిలబడకండి, దాని అదురు కాళ్ళ గుండా పైకి వస్తుంది. గోడో, స్తంభమో వెతుక్కుని భుజం ఆనించండి. మోనోపాడ్‌కు (ఒంటికాలి స్టాండు) అనుమతి, చోటు ఉంటే స్టెబిలైజర్‌ను ఆన్‌లోనే ఉంచాలి, ఎందుకంటే మోనోపాడ్ పైకీ కిందకీ కదలడాన్నే ఆపుతుంది, పక్క ఊగును ఆపదు. ట్రైపాడ్ మీద పాత లెన్సులను ఆఫ్ చేయాలి. లేని వణుకును వెతుక్కుంటూ అవే బొమ్మను కదిలిస్తాయి. కొత్తవి చాలావరకు ట్రైపాడ్‌ను గుర్తుపడతాయి, అయినా మీట కళ్ళ ముందే ఉన్నప్పుడు నొక్కడానికి బద్ధకమెందుకు.

పగటి పనులు త్వరగా చెప్పుకుందాం. కనుమ పండక్కి చంద్రగిరి పక్కన రంగంపేటలో కొమ్ములకు పలకలు కట్టిన ఎద్దులు పరుగెత్తుతాయి కదా, 20 మీటర్ల దూరంలో 200 ఎంఎంతో తీస్తే 1/1000 కూడా వాటిని గడ్డకట్టించలేదు: సెకనుకు 8 మీటర్ల వేగానికి అలుకుడు ఇరవై పిక్సెళ్ళు. ఎద్దుతోపాటు కెమెరా తిప్పుతూ తీస్తే (పాన్ చేస్తే) మేలు. 1/60 లేదా 1/80 పెట్టి, లెన్సు మీది స్టెబిలైజర్ మీట మోడ్ 2లో వేసి, ఎద్దు ఎదురుగా రాకముందే నడుము తిప్పడం మొదలుపెట్టి, నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి. మోడ్ 2లో లెన్సు పక్క కదలికను వదిలేసి పైకీ కిందకీ ఊగేదాన్నే సరిదిద్దుతుంది. మోడ్ 1లోనే వదిలేస్తే కొన్ని లెన్సులు మనం తిప్పేదాన్ని కూడా వణుకనుకుని వెనక్కి లాగుతాయి. నికాన్ నార్మల్ మోడ్, ఇంకా కొన్ని కొత్త లెన్సులు తామే గుర్తుపడతాయి. అయినా పదిలో రెండు బాగా వస్తే చాలు అనుకుని వెళ్ళాలి.

నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్ల మీద కూర్చున్న గూడబాతులు పొద్దున్నే వెలుగు చాలని వేళ స్టెబిలైజర్‌కు సరైన గిరాకీ: 400 ఎంఎంలో 1/125, పక్షి మెడ తిప్పడం ఆపిన క్షణం. రెక్క విప్పిందంటే 1/1600కి వెళ్ళిపోవాలి, అక్కడ స్టెబిలైజర్ చేసేది వ్యూఫైండర్‌లో పక్షిని నిలపడం ఒక్కటే. పులికాట్ దగ్గర మధ్యాహ్నం ఫ్లెమింగోలు మెత్తగా, అంచులు వంకరగా వస్తే లెన్సును తిట్టకండి. ఎండకు వేడెక్కిన బురద మీది గాలే అలా వంకర తిప్పుతుంది. దానికి మందు తొమ్మిదిలోపు వెళ్ళడం, ఇంకొంచెం దగ్గరకు జరగడం. తలకోన జలపాతం దగ్గర మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ నీళ్ళు కదలాలి, రాళ్ళు నిలవాలి. 70 ఎంఎం దగ్గర మూడు స్టాప్‌లు వాడుకుంటే 1/13 వస్తుంది, రాతికి ఆనుకుంటే 1/8. ఆ వేగానికి నీళ్ళు పాలధారలా సాగుతాయి. వెలుగెక్కువైతే లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ ఒకటిన్నర, రెండు స్టాప్‌లు తగ్గిస్తుంది, తడి రాళ్ళ మీద మెరుపునూ చంపుతుంది. నాచు పట్టిన ఆ బండల మీద ట్రైపాడ్ మోసుకెళ్ళే శ్రమ తప్పుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు పేరు చివరి అక్షరాలు చదవండి: కానన్‌లో ఐఎస్, నికాన్‌లో వీఆర్, సోనీలో ఓఎస్ఎస్ అని ఉంటే స్టెబిలైజర్ ఉన్నట్టు. స్టెబిలైజర్‌తో ఎస్ఎల్ఆర్ కెమెరాలకు మొదట వచ్చిన లెన్సు 1995లో కానన్ తెచ్చిన 75-300 ఐఎస్. విచిత్రమేమంటే, అదే 75-300 అంకెలతో ఆ తర్వాత వచ్చి, కిట్లలో విరివిగా తిరిగిన మూడో రకానికి ఐఎస్ లేదు. అంకె చూసి కొన్నవాళ్ళు మోసపోయేది అక్కడే. 300లో దానికి 1/500 కావాలి. రాత్రి వాహనానికి 55-250 ఐఎస్ దానికంటే ఎన్నో మెట్లు మేలు. నికాన్ ఏఎఫ్-పి 70-300 డిఎక్స్‌లోనూ వీఆర్ ఉన్నది, లేనిది రెండు రకాలున్నాయి. వీఆర్ ఉన్నదానికి కూడా లెన్సు మీద మీట ఉండదు, మెనూలోంచి వాడాలి, కొన్ని పాత బాడీల మెనూలో ఆ వరస కనిపించదు. సోనీ ఏ6400, జెడ్‌వీ-ఈ10 బాడీల్లో సెన్సార్ కదలదు కాబట్టి వాటికి ఓఎస్ఎస్ ఉన్న లెన్సే చూడాలి. కెమెరాకు పెట్టకుండా లెన్సును ఊపితే లోపల ఏదో కదిలినట్టు 'కటక్' అంటే భయపడనక్కర్లేదు, కొన్ని రకాల్లో ఆ అద్దాల గుంపు అలాగే వదులుగా ఉంటుంది. ఆన్ చేశాక బొమ్మ ఒక మూలకు లాగుకుపోతుంటే మాత్రం బేరం వదిలేయండి.

ఏది కొన్నా, ఉన్నది ఏదైనా, పండగకు వారం ముందు ఇంట్లోని గోడ క్యాలెండర్‌తో ఒక సాయంత్రం గడపాలి. తిథులూ వర్జ్యాలూ ఉన్న సన్నక్షరాల పేజీ తిప్పి, ఐదు మీటర్ల దూరంలో నిలబడి, జూమ్ చివరికంటా లాగి, 1/250, 1/125, 1/60, 1/30, 1/15 దగ్గర పదేసి ఫోటోలు తీయండి. లైటు అదే ఉంచి ఐఎస్ఓ మారుస్తూ పోండి. కంప్యూటర్‌లో పెంచి 'ధ' కింద చిన్న గీత వెతకండి. చెయ్యి పైకీ కిందకీ అదిరితే ఆ గీత పై అక్షరంలో కలిసిపోయి 'ధ' కాస్తా 'ద' అవుతుంది, తలకట్టు రెండు వరసలవుతుంది. పక్కకు అదిరితే గీత మిగులుతుంది కానీ లావవుతుంది. పదిలో ఏడు స్పష్టంగా చదవగలిగిన చివరి వేగం ఏదో అదే మీ హద్దు, డబ్బా మీది అంకె ఏమన్నా సరే. ఎక్కువ చెడినవి పైకీ కిందకీ అదిరినవైతే తప్పు వేలిది, నొక్కే తీరు మార్చి మళ్ళీ తీయండి. తర్వాత కెమెరాను కంటి దగ్గర పది నిమిషాలు ఎత్తి పట్టుకుని, దించకుండా ఇంకో పది తీయండి. రాత్రి తొమ్మిదింటికి మాడవీధిలో మీ చెయ్యి ఉండబోయేది ఆ రెండో అంకె దగ్గరే, షట్టర్ దానికి తగ్గట్టు పెట్టుకోండి.